ఎఫ్‌ఈఆర్ వచ్చిందంటే పేటెంట్ పోయినట్టు కాదు: అపోహలు - వాస్తవాలు

పేటెంట్ ఆఫీసు నుంచి మొదటి ఎగ్జామినేషన్ రిపోర్టు, అదే ఎఫ్‌ఈఆర్, వచ్చిన ప్రతిసారీ నాకు వచ్చే ఫోను ఒకటే. "మేడం, మనది రిజెక్ట్ చేసినారంట కదా?" ఎవరు చెప్పారంటే మా ఫ్రెండు అంటారు, కాలేజీలో లెక్చరర్ అంటారు, యూట్యూబ్‌లో ఎవరో అంటారు. రిపోర్టు చదివారా అంటే మొదటి పేజీ చూశామంటారు. అనంతపురంలో పేటెంట్ ఏజెంటుగా ఆఫీసు తెరిచినప్పటి నుంచి ఈ ఒక్క పుకారు ఎన్ని మంచి అప్లికేషన్లను ముంచిందో చూస్తూనే ఉన్నాను. అందుకే ఈసారి దీని మీదే ఎక్కువ రాస్తున్నాను. మిగతా అపోహలకు రెండేసి ముక్కలు చాలు.

అపోహ: ఎఫ్‌ఈఆర్‌లో అభ్యంతరాలున్నాయంటే తిరస్కరించినట్టే

కాదు. తిరస్కరణ అంటే కంట్రోలర్, అంటే పేటెంట్ ఆఫీసులో నిర్ణయం తీసుకునే అధికారి, పేటెంట్ చట్టం సెక్షన్ 15 కింద కారణాలు రాసి ఇచ్చే ఆర్డరు. ఎఫ్‌ఈఆర్ దానికి చాలా ముందు వస్తుంది. అందులో ఉండేవి మీ అప్లికేషన్‌ను పరిశీలించే ఎగ్జామినర్ సందేహాలు, వాటికి మీ నుంచి జవాబు కావాలన్న నోటీసు. ఒక్క అభ్యంతరమూ లేని ఎఫ్‌ఈఆర్ నా టేబుల్ మీదికి రావడం చాలా అరుదు.

భయపెట్టేది ఆ రిపోర్టు మొదట్లో ఉండే టేబుల్. నావెల్టీ, అంటే కొత్తదనం, అని ఉంటుంది, ఎదురుగా క్లెయిమ్ నంబర్లు (క్లెయిమ్ అంటే ఇది నాది అని మీరు రాసుకున్న ముక్క), పక్కన 'నో'. ఇన్వెంటివ్ స్టెప్, అంటే ఆ రంగం తెలిసినవాడికి ఇట్టే తట్టనిదేనా అన్నది, మళ్లీ 'నో'. అది చూసి చాలామంది పీడీఎఫ్ అక్కడే మూసేస్తారు. అసలు విషయం రెండో భాగంలో ఉంటుంది. ఎగ్జామినర్ వెతికి తీసిన పాత డాక్యుమెంట్లు డీ1, డీ2, డీ3 అని వరసగా ఉంటాయి. మీ క్లెయిమ్‌లో ఏ ముక్క వాటిలో ఏ పేరాలో, ఏ బొమ్మలో ఉందో దాని కింద రాసి ఉంటుంది. ఎక్కడ వాదించాలో, ఎక్కడ తగ్గాలో అదే చెబుతుంది. అంత ఉపయోగపడే కాగితాన్ని చావు కబురులా చూస్తే ఎలా?

నిజమైన నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఎఫ్‌ఈఆర్‌కు జవాబివ్వడానికి ఆరు నెలల గడువు. ఆ ఆరు నెలలు ముగిసేలోగా ఫారం 4 వేసి ఫీజు కడితే ఇంకో మూడు నెలలు దొరుకుతాయి. "పోయింది కదా" అని ఊరుకున్నారో, సెక్షన్ 21 కింద ఆ అప్లికేషన్‌ను మీరే వదులుకున్నట్టు లెక్క. ఇందులో బాధ కలిగించే సంగతి ఏమిటంటే, నిజంగా తిరస్కరిస్తే హైకోర్టుకు అప్పీలు చేసుకునే హక్కు ఉంది. ఈ అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ ఐపాబ్ రద్దయ్యాక, అంటే 2021 నుంచి, ఆ అప్పీళ్లు హైకోర్టుకే వెళ్తున్నాయి. మీ అంతట మీరు వదిలేసుకున్నదానికి చట్టంలో ఆ అప్పీలు కూడా లేదు. రిజెక్ట్ అయిందన్న భయంతో రిజెక్ట్ అవడం కంటే అన్యాయమైన చోటికి వెళ్లి పడుతున్నారు. 2024 మార్చి సవరణలతో గడువు దాటినవాళ్లకు కొంత వెసులుబాటు వచ్చింది, నిజమే. అయితే అది ఖరీదైన దారి, పైగా కంట్రోలర్ ఒప్పుకోవాలి. దాన్ని నమ్ముకుని నిద్రపోకండి.

"పోతే పోయింది మేడం, మళ్లీ కొత్తగా వేద్దాం" అనేవాళ్లు ఇంకో రకం. సాధారణంగా 18 నెలలకు మీ అప్లికేషన్ పబ్లిష్ అయిపోతుంది. ఎఫ్‌ఈఆర్ నాటికి అది పబ్లిష్ అయి ఉంటుంది కాబట్టి, మీరు మళ్లీ అదే ఐడియాతో వస్తే ఎగ్జామినర్ డీ1 కింద చూపించేది మీ పాత అప్లికేషన్‌నే. మీ కొత్తదానికి మీరే అడ్డం. ఈ ముక్క ఫోన్లో చెప్పినప్పుడు అవతల మాట ఆగిపోవడం నాకు బాగా అలవాటైపోయింది.

ఒక పెద్దాయన ఫైలు గురించి చెబుతాను. ఆయన అప్లికేషన్ ఎప్పుడో పబ్లిష్ అయింది, ఆయన సరే అన్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు అడగకండి. సైన్యంలో ఆర్మరర్‌గా చేసి రిటైరైన మనిషి. తుపాకులు విప్పడం, బాగుచేయడం తప్ప సర్వీసంతా వేరే పని ఎరగడు. తుపాకీకి తూటాలు నింపి పెట్టే డబ్బా, అదే మ్యాగజైన్‌లో, స్ప్రింగ్ మీద కూర్చుని తూటాలను పైకి నెట్టే ఫాలోయర్ ఉంటుంది కదా, అది ముందుకో వెనక్కో ఒరిగితే తూటా సరిగ్గా అందదు. ఆ ఒరగడాన్ని ఆపేలా ఆయన ఒక ఫాలోయర్‌ను లాంగ్‌సైజు నోటుబుక్కులో పెన్సిల్‌తో గీసుకొచ్చాడు. కొలతలతో సహా ఎంత శుభ్రంగా గీశాడంటే మా డ్రాఫ్ట్స్‌మన్‌కు పని తగ్గింది.

ఎఫ్‌ఈఆర్ వచ్చింది. మూడు డాక్యుమెంట్లు, మూడూ అమెరికా పేటెంట్లే. డీ1లో ఫాలోయర్‌కు ముందూ వెనకా కిందికి దిగే కాళ్లు ఉన్నాయి, అవి మ్యాగజైన్ గోడలను ఆనుకుని జారుతూ ఒరగకుండా ఆపుతాయి. మా మొదటి క్లెయిమ్ చెప్పింది కూడా సరిగ్గా అదే. పెద్దాయన మనసు విరిగిపోయింది. "నేను ఎవర్నీ చూసి గీయలేదమ్మా, మా పిల్లల మీద ఒట్టు" అన్నాడు. ఆయన నిజాయితీ మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు. ఎగ్జామినర్‌కు కూడా లేదు. కాపీ కొట్టావా అని ఆ రిపోర్టు అడగదు. ఇది ప్రపంచంలో ఎక్కడైనా ఇంతకు ముందే బయటికి వచ్చిందా అని మాత్రమే అడుగుతుంది. ఎఫ్‌ఈఆర్ చూసి తనను దొంగ అన్నారని కుమిలిపోయేవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఆ సాయంత్రం డీ1 బొమ్మల ప్రింటు, ఆయన నోటుబుక్కు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. కాళ్లు రెండింటిలోనూ ఉన్నాయి. అయితే ఆయన బొమ్మలో వెనక కాలు లోపలివైపు ఒక చిన్న కొక్కెం ఉంది. స్ప్రింగ్ పై చుట్టు దానికి తగులుకుని ఉంటుంది, మ్యాగజైన్ విప్పినప్పుడు స్ప్రింగూ ఫాలోయరూ వేరుపడవు. డీ1లో స్ప్రింగ్ ఊరికే కింద ఆనుకుని ఉంది. డీ2, డీ3లలోనూ ఆ కొక్కెం లేదు. మా నాలుగో క్లెయిమ్‌లో అది ఉంది! దాన్ని మొదటి క్లెయిమ్‌లోకి తెచ్చి, కాళ్లూ కొక్కెమూ కలిసి పనిచేయడం వల్ల వచ్చే లాభమేంటో వివరించి జవాబు పంపాం. క్లెయిమ్ అంటే పొలానికి చెక్కుబందీ లాంటిది. ఊరంతా నాదే అని రాసుకుంటే పక్క పొలం వాళ్లందరూ వస్తారు, మన హద్దు మనం గీసుకుంటే మన సెంట్లు మనకు మిగులుతాయి.

అప్పుడే పెద్దాయన ఇంకో మాటన్నాడు. "ముందు కాలికి ఒక గాడి కూడా పెట్టినా కదమ్మా, అది కూడా రాసేయ్." నోటుబుక్కులో గాడి లేదు, మేము వేసిన స్పెసిఫికేషన్‌లోనూ, అంటే అప్లికేషన్‌తో ఇచ్చిన వివరణ పత్రంలోనూ, లేదు. అప్లికేషన్ వేశాక తట్టిందట. సెక్షన్ 59 దీనికి ఒప్పుకోదు. వేసిన రోజు కాగితంలో ఉన్నదాన్ని తగ్గించవచ్చు, సరిచేయవచ్చు, విడమరచి చెప్పవచ్చు. లేనిదాన్ని తెచ్చి పెట్టడానికి వీల్లేదు. గాడి కావాలంటే దానికి వేరే అప్లికేషన్ వేయాలి. మొదటి రోజు మీ ఏజెంటుకు అన్నీ చెప్పండి, చిన్నదని అనిపించినదాన్ని కూడా. పెద్దాయన పేటెంట్‌ను నిలబెట్టింది ఆయన మాట వరసకు చెప్పిన ఆ కొక్కెమే.

జవాబు తర్వాత హియరింగ్ పెట్టారు. వీడియో కాన్ఫరెన్స్‌లోనే. మన రాష్ట్రం చెన్నై గిండీలోని పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తుందని, అక్కడికెళ్లి ఎవరినో 'కలవాలి' అని కర్నూలులో, కడపలో చెప్పి డబ్బు తీసుకునే మధ్యవర్తులున్నారు. ఎవరినీ కలవక్కర్లేదు. ఫైలు ఏ ఎగ్జామినర్‌కు వెళ్లాలో కంప్యూటరే కేటాయిస్తుంది, ఆ మనిషి చెన్నైలోనే ఉండాలని కూడా లేదు. హియరింగ్ అయిన 15 రోజుల్లో రాతపూర్వక వాదన పంపాలి, పంపాం. గ్రాంట్ వచ్చింది.

అపోహ: పేటెంట్ వచ్చింది కాబట్టి ఇక తయారు చేసుకోవచ్చు

గ్రాంట్ మెయిల్ చూసిన పెద్దాయన మొదటి ప్రశ్న ఇదే. "తెలిసిన లేత్ షాపు ఉందమ్మా, ఓ పది పీసులు చేయిద్దామా?" నేను కుర్చీలోంచి లేచాను. పేటెంట్ ఇచ్చేది ఇతరులను ఆపే హక్కు, సెక్షన్ 48 చెప్పేది అదే. తయారు చేయడానికి అది లైసెన్సు కాదు. 1959 ఆయుధాల చట్టంలో 'ఆయుధాలు' అన్న మాట కిందికి వాటి విడిభాగాలు కూడా వస్తాయి. లైసెన్సు లేకుండా తయారు చేయడానికి 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్ల నుంచి మొదలవుతుంది. సీమ అనగానే బాంబులూ తుపాకులూ అంటూ సినిమాలు మనకు అంటగట్టిన పేరు ఒకటి ఎలాగూ ఉంది, దానికి తోడు ఇదొకటా? పెద్దాయన చేయగలిగింది, తయారీ లైసెన్సు ఉన్న కంపెనీకి తన పేటెంట్‌ను వాడుకునే హక్కు ఇచ్చి రాయల్టీ తీసుకోవడం. ఇప్పుడు ఆ ప్రయత్నంలోనే ఉన్నాడు.

అపోహ: మోడల్ చేసి చూపించకపోతే పేటెంట్ ఇవ్వరు

ఇదీ ఆ లేత్ షాపు దారిలోకే తీసుకెళ్తుంది, అందుకే వెంటనే చెబుతున్నా. ఆ రంగం తెలిసినవాడు చదివి చేయగలిగేంత వివరంగా రాయాలి, బొమ్మలివ్వాలి. అంతే. కంట్రోలర్ మోడల్ అడిగే అధికారం చట్టంలో ఉంది కానీ, నా ఫైళ్లలో ఎవరినీ అడగలేదు. పెద్దాయన పెన్సిల్ బొమ్మలు దాటి ఏమీ చేయలేదు.

అపోహ: ఆయుధాలకు మన దేశంలో పేటెంట్ ఇవ్వరు

ఇస్తారు. సెక్షన్ 3లో ఆయుధాల మీద నిషేధమేమీ లేదు, సెక్షన్ 4 ఆపేది అణుశక్తి సంగతుల్ని. ఎఫ్41ఏ అని వర్గీకరణలో వీటికి ప్రత్యేకంగా ఒక తరగతే ఉంది. కాకపోతే రక్షణకు సంబంధించిందని కంట్రోలర్‌కు అనిపిస్తే సెక్షన్ 35 కింద గోప్యంగా ఉంచమనవచ్చు. అలా ఉన్నంత కాలం పబ్లిష్ అవదు, గ్రాంటూ రాదు. ఆ ఆదేశాన్ని ఆరు నెలలకోసారి తిరిగి చూడాలి.

అపోహ: అమెరికాలో ముందు వేసేస్తే పని అయిపోతుంది

"మా అల్లుడు డల్లాస్‌లో ఉన్నాడు, అక్కడ వేయిస్తాడులే" అనేవాళ్లకు మన జిల్లాల్లో కొదవలేదు. ఇండియాలో ఉంటున్నవారు బయటి దేశంలో వేయాలంటే, ముందు ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి, లేదా ఫారం 25తో అనుమతి తీసుకోవాలి. రక్షణకు పనికొచ్చేదైతే కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోకుండా కంట్రోలర్ ఆ అనుమతి ఇవ్వకూడదు. దీన్ని దాటితే ఇక్కడి అప్లికేషన్ వదులుకున్నట్టే, సెక్షన్ 118 కింద రెండేళ్ల వరకు జైలు కూడా ఉంది. అల్లుడి మీద ప్రేమ ఉంటే ఈ పని ఆయనకు చెప్పకండి.

అపోహ: 20 ఏళ్లు దాటిన పేటెంట్ మనకు అడ్డం రాదు

వాడుకోవడానికి రాదు, పేటెంట్ తీసుకోవడానికి వస్తుంది. ఈ రెండూ కలిపేసుకుంటారు. విడిగా తీసి పెట్టే బాక్స్ మ్యాగజైన్‌కు జేమ్స్ ప్యారిస్ లీ అమెరికాలో 1879లోనే పేటెంట్ తీసుకున్నాడు. మన పోలీసుల భుజాన ఏళ్ల తరబడి చూసిన త్రీ నాట్ త్రీ, లీ ఎన్‌ఫీల్డ్, ఆ లీ పేరుదే. ఆ పేటెంట్ ఎప్పుడో ముగిసింది. అయినా ఎగ్జామినర్ దాన్ని ఈ రోజు కూడా డీ1గా తీయగలడు.

మిగిలినవి

పబ్లిష్ అయిందంటే పేటెంట్ వచ్చినట్టు కాదు. కాలేజీల్లో పబ్లికేషన్ నంబరు వేసి ఫ్లెక్సీలు కట్టడం ఇక ఆపాలి. డిజైన్ రిజిస్ట్రేషన్ వేరు, పేటెంట్ వేరు. కంటికి కనిపించే రూపానికి డిజైన్, 10 ఏళ్లు, కావాలంటే ఇంకో 5. ఫాలోయర్ కాళ్లలా పని కోసం మాత్రమే ఉన్న ఆకారానికి అది పనికిరాదు. ప్రపంచమంతా చెల్లే పేటెంట్ అనేది లేదు. ఖర్చు లక్షల్లో ఉంటుందంటారు, ఒక వ్యక్తి ఆన్‌లైన్‌లో వేస్తే ఆఫీసు ఫీజు 1,600 రూపాయలు, ఎగ్జామినేషన్‌కు 4,000. ఏజెంటు ఫీజు వేరే, అది బేరమాడుకోండి. ఎగ్జామినేషన్ దానంతట అది జరగదు, ఫారం 18 వేయాలి. గడువు పాత అప్లికేషన్లకు 48 నెలలు, 2024 మార్చి 15 నుంచి వేసినవాటికి 31 నెలలు.

ఎఫ్‌ఈఆర్ చేతిలో ఉండి నాకు ఫోన్ చేయబోతున్నవారికి ఒక మనవి. మొదటి పేజీ ఫొటో తీసి వాట్సాప్ చేయకండి. పీడీఎఫ్ మొత్తం పంపండి, మీరు వేసిన స్పెసిఫికేషన్ పంపండి, దాంతోపాటు మీ మొదటి చిత్తు బొమ్మలు ఉంటే అవీ పంపండి. ఎఫ్‌ఈఆర్ మీద ఉన్న తేదీ చెప్పండి, మీకు కనబడిన తేదీ కాదు. గడువు లెక్క దాని నుంచే.