చెన్నై బడుల్లో పిల్లల మనసుకు అండ: డెబ్బై ఏళ్లుగా నానుతున్న మాట

విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు చెప్పింది. దాంతోపాటు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతిచోటా అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టాలన్నది వాటిలో ముఖ్యమైనది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారన్న లెక్కను కోర్టు ప్రస్తావించింది. చెన్నైలో పిల్లల్ని చదివించుకుంటున్న తెలుగువాళ్లకు ఈ తీర్పు రెండు రకాలుగా దగ్గరిది. కేసు మనవైపుది. బడిలో పిల్లవాడి బాగోగులు కనుక్కునే మనిషి ఒకరుండాలన్న సూచన స్వతంత్ర భారతంలో ప్రభుత్వ నివేదికకు ఎక్కింది మాత్రం మద్రాసు పెద్దమనిషి ఒకరి సారథ్యంలో.

ఆయన డాక్టర్ ఆర్కాట్ లక్ష్మణస్వామి ముదలియార్. పుట్టింది కర్నూలులో. ప్రసూతి వైద్యుడిగా పేరు తెచ్చుకుని, 1942 నుంచి మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా ఉన్నారు. 1952లో కేంద్రం మాధ్యమిక విద్యా సంఘాన్ని వేసి, అధ్యక్షుడిగా ఆయన్నే పెట్టింది. మరుసటి ఏడు వచ్చిన నివేదిక గైడెన్స్ ఆఫీసర్లు, కెరీర్ మాస్టర్లు అనే రెండు ఉద్యోగాల గురించి మాట్లాడింది. పిల్లవాడికి ఏది ఇష్టం, ఏది చేతనవుతుంది, బడి దాటాక ఏ దారులున్నాయి అన్నవి చూసేందుకు శిక్షణ పొందినవాళ్లు ఉండాలంది. పరీక్షే చదువుకు యజమానిగా మారిపోయిందన్న బాధా ఆ నివేదికలో ఉంది. ఆ తర్వాత 1964-66 కొఠారీ కమిషన్ డబ్బు లేదన్న సంగతి గుర్తించి, కనీసం పది బడులకు కలిపి ఒక కౌన్సెలరైనా తిరగాలని కోరింది. అదీ ఎక్కువచోట్ల జరగలేదు. ఆ పని క్లాస్ టీచర్ నెత్తిన పడింది.

సర్కారు కాగితాలకంటే ముందే మద్రాసులో ఒక తెలుగు ఉదాహరణ ఉంది, దాన్ని మనం తగినంతగా తలుచుకోవడం లేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో పెట్టిన ఆంధ్ర మహిళా సభకు చదువు ఆగిపోయిన ఆడపిల్లలు, భర్త పోయినవాళ్లు, పుట్టింట్లో బరువుగా చూడబడినవాళ్లు వచ్చేవారు. వాళ్లకు బెనారస్ మెట్రిక్యులేషన్‌కు పాఠాలు చెప్పడం, చేతిపని నేర్పడం, ఉండేందుకు చోటివ్వడం ఒకే కప్పు కింద జరిగేవి. ధైర్యం, బతుకుతెరువు విడివిడి శాఖలు కావని వాళ్లకు తెలుసు.

పరీక్ష తప్పిన పిల్లల చావులను చెన్నైలో బాహాటంగా మాట్లాడించినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది మానసిక వైద్యురాలు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్‌ని. ఆమె 1986లో స్థాపించిన ఆత్మహత్యల నివారణ సంస్థ ‘స్నేహ’లో వలంటీర్లు ఫోన్ దగ్గర కూర్చుని వింటారు. ఫలితాల రోజుల్లో వచ్చే ఫోన్లలో ఒక సంగతి పదేపదే తేలింది. ఒక్క సబ్జెక్టులో తప్పితే ఏడాదంతా పోతుందన్న భయమే ఆ పిల్లల్ని ఎక్కువగా నలిపేస్తోంది. 2000ల మొదట్లో తమిళనాడు ప్రభుత్వం ఫలితాలు వచ్చిన కొద్ది వారాల్లోనే మళ్లీ రాసుకునే సప్లిమెంటరీ పరీక్ష తెచ్చింది. పాసైతే తోటివాళ్లతోపాటు అదే ఏడాది కాలేజీలో చేరొచ్చు. పరీక్ష తప్పి ప్రాణం తీసుకునేవాళ్లు దీనివల్ల తగ్గారని లక్ష్మీ విజయకుమార్ చెబుతూ వచ్చారు.

రెండో మార్పు 2017లో వచ్చింది. అంతవరకూ పది, పన్నెండు ఫలితాల రోజున రాష్ట్ర ర్యాంకులు ప్రకటించేవారు. మొదటి మూడు ర్యాంకుల పిల్లల నోట్లో అమ్మానాన్నలు మిఠాయి పెడుతున్న ఫొటోలు మర్నాడు పేపర్లలో పెద్దగా పడేవి. ఆ వారమంతా స్కూలు గేటు మీద ఫ్లెక్సీలు వేలాడేవి. అదే గేటు దాటి లోపలికెళ్లే మిగతా పిల్లల సంగతి ఎవరికీ పట్టేది కాదు. ఆ ఏడు ప్రభుత్వం ర్యాంకుల ప్రకటన ఆపేసింది. పిల్లల మనసు బాగు కోసం బడుల్లో వాడే వర్క్‌బుక్కులు, పోస్టర్లు ఈ రెండు నిర్ణయాలకూ లేవు. అయినా ఈ నగరంలో పిల్లల గుండె మీది బరువును ఇంతగా దించిన తరగతి సామగ్రి మరొకటి లేదని నా నమ్మకం.

సామగ్రికి విలువ లేదని కాదు. పొరుగున బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల్లో చెప్పిన పది జీవన నైపుణ్యాలను తీసుకుని, మామూలు టీచరే నడపగలిగే పాఠాలు తయారుచేశారు. అలాంటి పీరియడ్‌లో టీచర్ ఉపన్యాసం ఇవ్వరు. ఒక కథ సగం చెప్పి ఆపుతారు. నాన్న ఇంజినీరింగ్ అంటున్నాడు, అమ్మాయికి అది వద్దు, ఇంట్లో ఎలా చెప్పాలి? పిల్లలు గుంపులుగా విడిపోయి ఒకరు నాన్న, ఒకరు అమ్మ, ఒకరు ఆ అమ్మాయి అయి మాట్లాడతారు. ఏది సరైన జవాబో టీచర్ తేల్చరు. ఈ పద్ధతిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లల ఆత్మగౌరవం, సమస్యను ఎదుర్కొనే తీరు, బడిలో టీచర్లతో సర్దుకుపోవడం మెరుగైనట్టు తేలింది. మానసిక రుగ్మత లక్షణాల్లో మాత్రం తేడా కనిపించలేదు. ఈ రెండో సంగతిని దాచకూడదు. పీరియడ్ వల్ల ధైర్యం వస్తుంది, కుంగిపోయిన పిల్లవాడికి చికిత్స అందదు. వాడికి డాక్టరు కావాలి, డాక్టరు దాకా చేయి పట్టుకుని తీసుకెళ్లే మనిషి కావాలి. నిమ్హాన్స్ జరిపిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13-17 ఏళ్ల పిల్లల్లో ఏదో ఒక మానసిక సమస్య ఉన్నవాళ్లు 7.3 శాతం. నలభైమంది తరగతిలో ముగ్గురన్నమాట.

కోవిడ్ ముందూ వెనకా పథకాలు వరస కట్టాయి. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద ప్రతి బడిలో ఇద్దరు టీచర్లను ఆరోగ్య దూతలుగా తీర్చిదిద్దే కార్యక్రమం వచ్చింది. జులైలో విద్యార్థుల మనసుకు అండగా కేంద్రం పెట్టిన మనోదర్పణ్. 2022 మార్చి 1న తమిళనాడు ‘నాన్ ముదల్వన్’ మొదలుపెట్టింది. సర్కారు బడి పిల్లలకు పై చదువులు, ఉద్యోగాల దారి చూపడం దాని పని. ముదలియార్ అడిగిన కెరీర్ మాస్టరు అలా డెబ్బై ఏళ్లకు పోర్టల్ రూపంలో వచ్చాడు. అదే ఏడు అక్టోబర్ 10న, ఫోన్‌లో మానసిక సాయం అందించే కేంద్రం సేవ టెలి మానస్.

ఈ కథలో చెన్నై తెలుగు పిల్లలకు విడిగా ఒక అధ్యాయం ఉంది. 2006 తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేస్తూ వచ్చింది. 2016 నాటికి అది పదో తరగతిని తాకింది. ఉన్న రాష్ట్రం భాష నేర్చుకోవడం మంచిదే, మన పిల్లలు వీధిలో చక్కగా తమిళం మాట్లాడతారు కూడా. చిక్కంతా మాతృభాషలో పరీక్ష రాయడం గురించి. మైనారిటీ భాషల పిల్లలు తమిళ పేపరు నుంచి మినహాయింపు కోసం హైకోర్టు మెట్లెక్కారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరో ఏడాది మినహాయింపునిచ్చింది. బోర్డు పరీక్షలు గుమ్మంలో ఉన్నాయి, ఏ భాషా పేపరు రాయాలో కోర్టు తేల్చాలి! పదిహేనేళ్ల పిల్లకు ఆ ఎదురుచూపు ఎంత కష్టమో ఏ వెల్‌బీయింగ్ చార్టులోనూ ఉండదు.

అందుకే సుప్రీంకోర్టు తీర్పు అమలయ్యేచోట మనవాళ్లు అడగాల్సింది ఒకటుంది. తెలుగు ఇళ్లు ఎక్కువున్న పేటల బడుల్లో పెట్టే కౌన్సెలర్‌కు తెలుగు రావాలి. రాకపోతే తెలుగు తెలిసిన టీచర్ ఒకరికి శిక్షణ ఇప్పించాలి. సర్కారు బడుల్లో దీన్ని స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ముందు పెట్టొచ్చు. ఆ కమిటీల్లో ఎక్కువమంది తల్లిదండ్రులే కాబట్టి తీర్మానం రాయించడం చేతిలో పనే. అది కుదిరేలోగా టెలి మానస్ నంబరు 14416 పిల్లల డైరీ మొదటి పేజీలో రాసి పెట్టండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.