ముప్పైలో పదహారు కలిసిందా?

రైలింజన్ నడిపే లోకో పైలట్ల వారపు రెస్ట్ గొడవ మళ్లీ మొదలైంది. అసలు పేచీ అంతా ఒక కూడిక దగ్గర ఉంది.

ఎనిమిది గంటలు లేదా అంతకు మించి పనిచేసి హెడ్‌క్వార్టర్స్‌లో (తన సొంత డిపోలో) సైన్ ఆఫ్ అయిన, అంటే డ్యూటీ దిగిన, లోకో పైలట్‌కు 16 గంటల రెస్ట్ ఇవ్వాలి. అంతకు తక్కువ పనిచేస్తే 12 గంటలు. ఇది రోజువారీ రెస్ట్. ఇది కాక 2005 నిబంధనల ప్రకారం నెలకు 30 గంటలవి నాలుగు, లేదా 22 గంటలవి ఐదు పీరియాడిక్ రెస్టులు, అంటే వారపు సెలవులు, ఉంటాయి. ఒక్కో రెస్టులో ఒక పూర్తి రాత్రి నిద్ర పడాలి. ఆ 30లో ఈ 16 కలిసే ఉందా, లేక విడిగా ఇవ్వాలా?

విజయవాడలో ఒక గూడ్స్ లోకో పైలట్ శనివారం మధ్యాహ్నం 2కు సైన్ ఆఫ్ అయ్యాడనుకుందాం. మామూలు రెస్ట్ ఆదివారం ఉదయం 6కే అయిపోతుంది. రైల్వే లెక్కన పీరియాడిక్ రెస్ట్ ఆదివారం రాత్రి 8 దాకా. అంటే వారపు సెలవు పేరిట అదనంగా దక్కింది 14 గంటలు. 22 గంటల రకమైతే ఆరంటే ఆరే. లోకో పైలట్లు 16కు 30 కలిపి 46 అంటారు, అంటే సోమవారం మధ్యాహ్నం 12. శనివారం సాయంత్రం 6కు ఇంటికెళ్లి సోమవారం ఉదయం 10కి వచ్చే ఆఫీసు గుమాస్తాకే 40 గంటలు దొరుకుతాయి మరి.

పైగా గూడ్స్‌కు టైమ్ టేబుల్ ఉండదు. మెయిల్, ఎక్స్‌ప్రెస్ లింకుల్లో (ముందే వేసిన డ్యూటీ వరుసల్లో) ఉన్నవాళ్లకు రేపు ఏ బండో ముందే తెలుస్తుంది. గూడ్స్ వాళ్లు కాల్ కోసం, అంటే డ్యూటీకి రమ్మనే పిలుపు కోసం, చూడాల్సిందే. ఒకప్పుడు కాల్ బాయ్ కాల్ బుక్ పట్టుకుని ఇంటికొచ్చేవాడు, ఇప్పుడు ఫోన్ వస్తుంది. డ్యూటీకి రెండు గంటల ముందు కాల్ అంటే తెల్లవారుజామున 4 గంటల బండికి 2కే నిద్ర లేవాలి. ఎప్పుడు పిలుస్తారో తెలియనప్పుడు ముందుగా పడుకుని నిద్ర తీర్చుకునే వీలూ లేదు.

ఈ కథలో మలుపు 2001. పీరియాడిక్ రెస్ట్ రోజువారీ రెస్టుకు అదనమని బెంగళూరు ప్రాంతీయ కార్మిక కమిషనర్ తేల్చారు. రైల్వే ఒప్పుకోలేదు. 2010లో కర్ణాటక హైకోర్టులోనూ లోకో పైలట్ల వాదనే నిలిచింది. అయినా రోస్టర్లు (డ్యూటీ పట్టికలు) మారలేదు. ఆ తర్వాత నడిచినవన్నీ కమిటీలే.

డ్యూటీ నిడివిలో మాత్రం కొంత కదలిక వచ్చింది. 2016లో రైల్వే బోర్డు రన్నింగ్ డ్యూటీ (బండి నడిపే సమయం) 9 గంటలు, సైన్ ఆన్ (డ్యూటీ ఎక్కడం) నుంచి సైన్ ఆఫ్ దాకా 11 గంటలు అంది. 9 దాటించాలంటే రెండు గంటల ముందే చెప్పాలి. చిక్కు ఎక్కడంటే, క్రూ మారే చోటు ఇంకో గంట ప్రయాణంలో ఉంటే 11 దాటినా అక్కడిదాకా నడపాల్సిందే. లూప్ లైన్లో (వేరే బండికి దారి ఇచ్చే పక్క పట్టాలపై) సిగ్నల్ కోసం ఆగితే ఆ గంట ఎంతవుతుందో చెప్పలేం. 1973 ఆగస్టులో, మన తెలుగువాడు కె.వి. రఘునాథరెడ్డి కేంద్రంలో కార్మిక శాఖ చూస్తున్నప్పుడు, సమ్మె విరమణకు లోకో సిబ్బందికి ఇచ్చిన హామీ 10 గంటలు. నలభై మూడేళ్ల తర్వాత వచ్చిన 11ను సంస్కరణ అనాలా అని వాళ్లు అడుగుతున్నారు.

రైల్వే వాదన క్లుప్తం: నియమంలో 30 అని ఉంది, 46 అని ఎక్కడా లేదు.

2024 జూన్‌లో దక్షిణ రైల్వేలో కొందరు ఇక అడగడం మానేసి, 46 గంటలు పూర్తయ్యాకే డ్యూటీకి వచ్చారు. చార్జ్‌షీట్లు, సస్పెన్షన్లు వచ్చాయి. 2025 ఏప్రిల్‌లోనైతే డ్యూటీ మధ్యలో భోజనానికి, కాలకృత్యాలకు విరామాన్ని నియమంగా పెట్టడం సాధ్యం కాదన్న కమిటీ మాటను బోర్డు ఆమోదించింది. చాలా ఇంజిన్లలో మరుగుదొడ్డే లేదు. ముప్పయ్యో గంటకూ నలభై ఆరో గంటకూ మధ్య ఇంట్లో ఉన్న మనిషి రెస్టులో ఉన్నట్టా, గైర్హాజరైనట్టా అన్నది తేలితే తప్ప ఆ చార్జ్‌షీట్లు నిలుస్తాయో లేదో చెప్పలేం.