ఆటల వెనుక ఆర్గాన్: నేపథ్య సంగీతంపై అపోహలు, వాస్తవాలు

విజయవాడలో కేబుల్ చానళ్లకు, కబడ్డీ పోటీల ప్రసారాలకు ఎలక్ట్రానిక్ పాప్ ట్రాకులు చేయడం నా వృత్తి. వాటిలో ప్రధాన వాయిద్యం ఆర్గాన్, అంటే పియానోలా మీటలు నొక్కి వాయించే వాయిద్యం. ఆ మాట చెప్పగానే నిర్వాహకుల నుంచి వచ్చే అభ్యంతరాలు దాదాపు ఒకేలా ఉంటాయి.

అపోహ: ఆర్గాన్ ప్రార్థనలకే తగినది, మైదానానికి పనికిరాదు.

గుంటూరు చర్చిల్లో విని పెరిగినవారికి అలా అనిపించడం సహజం. 1935లో అమెరికాలో వచ్చిన హామండ్ ఎలక్ట్రిక్ ఆర్గాన్‌ను పైపు ఆర్గాన్ కొనే స్తోమత లేని చర్చిలు ఆదరించిన మాటా నిజమే. కానీ 1941లోనే షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ బేస్‌బాల్ మైదానంలో ఆర్గాన్ మోగింది. అక్కడి బేస్‌బాల్, ఐస్ హాకీ ప్రేక్షకులకు అది ఆటలో భాగం.

అపోహ: వేగం, శబ్దం పెంచితే ఊపు దానంతట అదే వస్తుంది.

సంగీతం ఆటతో కలిసి నడిస్తేనే ఊపు వస్తుంది. కబడ్డీలో ఒక రైడ్‌కు గడువు 30 సెకన్లు. నిమిషానికి 128 బీట్ల వేగం పెట్టుకుంటే ఆ గడువులో సరిగ్గా 64 బీట్లు, అంటే నాలుగేసి బీట్ల ఆవర్తాలు 16 పడతాయి. మొదటి ఎనిమిదింటిలో ఒకే స్వరాన్ని పట్టి ఉంచుతాను. కూతకు వెళ్లిన ఆటగాడు బోనస్ గీత దగ్గర తచ్చాడుతుంటాడు, పైన ఆ స్వరం కదలకుండా నిలబడి ఉంటుంది. తొమ్మిదో ఆవర్తం నుంచి డ్రమ్స్ కలుస్తాయి. ఆర్గాన్ గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. పియానో నాదం మీట నొక్కిన మరుక్షణం నుంచే సన్నగిల్లుతుంది. ఆర్గాన్ మాత్రం వేలు ఉన్నంతసేపూ అదే బలంతో పలికి, వేలు తీయగానే ఆగుతుంది. ఆటగాడు దొరికిపోయిన క్షణంలో సంగీతాన్ని టక్కున తెంపేస్తే ఆ ఖాళీని జనం కేకలు నింపుతాయి. ఆ కేకలకు సాటివచ్చే సంగీతం ఎవరూ చేయలేరని నా నమ్మకం.

అపోహ: వ్యాఖ్యానం వినపడకపోతే సంగీతం తగ్గిస్తే సరి.

తగ్గిస్తే సంగీతం పేలవమవుతుంది, మాట అప్పటికీ తేటపడదు. హల్లుల స్పష్టత చాలావరకు 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. హామండ్‌లో నాద స్వభావాన్ని మార్చే డ్రాబార్లు ఒక్కో వరుసకు తొమ్మిది. వాటిలో చివరిది, అసలు స్వరానికి మూడు సప్తకాల పైన పలుకుతుంది. 262 హెర్ట్జ్ స్వరం వాయిస్తే అది దాదాపు 2093 దగ్గర మోగి వ్యాఖ్యాత హల్లుల మీద పడుతుంది. అందుకే మాట ఉన్నచోట పై డ్రాబార్లను లోపలికి నెట్టేస్తాను, మాట లేని హైలైట్లకు బయటికి లాగుతాను. చివరగా ఫోను స్పీకరులో విని చూస్తాను.

అపోహ: 30 సెకన్ల లోపు పాట వాడుకుంటే, లేదా పేరు వేస్తే అనుమతి అక్కర్లేదు.

1957 కాపీరైట్ చట్టంలో ఇన్ని సెకన్ల వరకు ఉచితం అన్న సడలింపు లేదు. పేరు వేయడం అనుమతి కిందికి రాదు. వాడిన ప్రతిసారీ రుసుము కట్టనక్కర్లేని రాయల్టీ ఫ్రీ ట్రాకుల్లోనూ చాలావాటికి మొదట లైసెన్సు కొనాలి. ట్రాకు ఎవరి దగ్గర తీసుకున్నా టీవీ ప్రసారం, యూట్యూబ్, మైదానంలో వినిపించడం, వీటిలో దేనికి అనుమతి ఉందో విడివిడిగా కాగితం మీద రాయించుకోండి.