మార్చే హక్కు కంపెనీది, ఖర్చు షాపు ఓనరుది

2009 అక్టోబరులో అమెరికాలో బర్గర్ కింగ్ కంపెనీ తన షాపులన్నీ డబుల్ చీజ్‌బర్గర్‌ను ఒక్క డాలరుకే అమ్మాలంది. దాన్ని తయారు చేయడానికే కనీసం డాలరు పది సెంట్లు అవుతోందని, అమ్మినకొద్దీ నష్టమేనని ఫ్రాంచైజీ ఓనర్లు, అంటే కంపెనీ పేరుతో సొంత పెట్టుబడి మీద షాపు నడిపేవాళ్లు, మొత్తుకున్నారు. నవంబరులో వాళ్ల సంఘం ఫ్లోరిడా ఫెడరల్ కోర్టుకెక్కింది. షాపు పెట్టుబడి మాది, ధర మీరెలా నిర్ణయిస్తారన్నది వాళ్ల ప్రశ్న.

ఈ తగవు మూలాలు 1950లలో ఉన్నాయి. అప్పట్లో ఇబ్బంది దీనికి సరిగ్గా తిరగబడి ఉండేది. మెక్‌డొనాల్డ్స్ బర్గర్ షాపులు మొదలుపెట్టిన మెక్‌డొనాల్డ్ సోదరుల దగ్గర ఫ్రాంచైజీ హక్కులు తీసుకున్న రే క్రాక్ చేతిలోని అగ్రిమెంటు ప్రకారం ఏ చిన్న మార్పుకైనా అన్నదమ్ములిద్దరూ సంతకం చేసిన రిజిస్టర్డ్ లెటర్ రావాలి. 1955లో ఆయన ఇల్లినాయ్‌లోని డెస్ ప్లెయిన్స్‌లో షాపు కట్టేటప్పుడు చలికి షాపును వేడి చేసే ఫర్నేస్ పెట్టాల్సి వచ్చింది. కాలిఫోర్నియా ఎండలకు గీసిన ప్లానులో దానికి చోటు లేదు. కింద సెల్లార్ తవ్వుకోమని సోదరులు ఫోన్లో అన్నారే తప్ప ఆ లెటర్ మాత్రం పంపలేదు. చివరికి 1961లో 27 లక్షల డాలర్లిచ్చి వాళ్ల వాటా మొత్తం కొనేశాడాయన.

మార్చే వీలే లేకపోతే వ్యాపారం బిగుసుకుపోతుంది. అందుకే ఫ్రాంచైజీ అగ్రిమెంట్లలో ఒక వాక్యం మామూలైపోయింది: షాపు ఎలా నడపాలో చెప్పే మాన్యువల్‌లో కంపెనీ ఎప్పటికప్పుడు చేసే మార్పులన్నీ షాపు పాటించాలి. ఇరవై ఏళ్ల ఒప్పందంలో ఇరవై ఏళ్ల తర్వాతి మెనూ ముందే రాయలేరు కదా. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ మంచి మార్పులు ఎప్పుడూ పైనుంచే రావు. మెక్‌డొనాల్డ్స్ ఫిష్ శాండ్‌విచ్ 1962లో సిన్సినాటిలోని ఒక ఫ్రాంచైజీ ఓనరు ఆలోచన. శుక్రవారం మాంసం తినని కాథలిక్కుల పేటలో బేరాలు పడిపోతుంటే ఆయన పట్టిన దారి అది.

ధర సంగతికి ఇంకో చరిత్ర ఉంది. ఇంతకు మించి అమ్మకూడదని గరిష్ఠ ధర విధించడం దానంతట అదే చట్టవిరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1968లో చెప్పింది. 1997లో అదే కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి, ఏ కేసుకు ఆ కేసే చూడాలంది. కంపెనీలకు తలుపు తెరుచుకుంది అక్కడే.

2009లోనే మరో కేసులో, చవక ధరల వాల్యూ మెనూ పెట్టమన్న న్యూయార్క్ ఫ్రాంచైజీ ఓనర్లు అప్పీలు కోర్టులో ఓడిపోయారు. డాలరు బర్గర్ కేసులోనూ గరిష్ఠ ధర పెట్టే అధికారం అగ్రిమెంటులో ఉందని 2010లో జడ్జి తేల్చారు. ఒక్క వస్తువు మీద నష్టం వచ్చినంత మాత్రాన కంపెనీకి దురుద్దేశం ఉన్నట్టు కాదన్నారు. 2011లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి.

ఆ తీర్పులో చట్టం ఉంది గానీ, షాపు ఓనరు టెన్షన్ అందులో కనపడదు. ఇలాంటి ఒప్పందాల్లో రాయల్టీని, అంటే షాపు కంపెనీకి కట్టే వాటాను, సాధారణంగా లాభం మీద కాదు, అమ్మకాల మీద లెక్కేస్తారు. డాలరు బర్గర్‌కు జనం పోటెత్తితే షాపు నష్టపోయినా కంపెనీ వాటా పెరుగుతుంది. ఓవెన్ మార్చు, సాఫ్ట్‌వేర్ మార్చు అన్నప్పుడు కూడా బిల్లు చాలాసార్లు షాపు మీదే పడుతుంది. మార్చే హక్కు కంపెనీకి ఉండాల్సిందే. ఆ మార్పుకయ్యే ఖర్చులో కొంత కంపెనీ కూడా మోస్తే, ఆర్డరు వేసే ముందు ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకుంటుంది.

అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మే ముందు అన్ని వివరాలూ రాసివ్వాలన్న ఫెడరల్ రూల్ 1979 నుంచి ఉంది. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు, ప్రధాన ఆధారం 1872 నాటి కాంట్రాక్టు చట్టమే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో టీ షాపు ఫ్రాంచైజీ తీసుకునేవాళ్లు సంతకం పెట్టే కాగితాల్లోనూ ఆ మాన్యువల్ వాక్యం ఉండొచ్చు. మార్పుల ఖర్చుకు పరిమితి ఎంతో అడిగి రాయించుకునే వీలు సంతకానికి ముందే ఉంటుంది.