స్ట్రీట్ ఆర్ట్ వాక్‌కి బుకింగ్స్: నేను నమ్మి దెబ్బతిన్న అపోహలు, తర్వాత తెలిసొచ్చిన వాస్తవాలు

గోడల మీద బొమ్మలు చూపిస్తూ జనాన్ని నడిపించడం నా పని. బుకింగ్స్ ఎలా వస్తాయని కొత్త గైడ్‌లు అడుగుతుంటారు. వాళ్లకు దొరికే సలహాల్లో సగం నేనూ పాటించి చేతులు కాల్చుకున్నవే.

అపోహ: ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోవర్లు పెరిగితే బుకింగ్స్ వాటంతట అవే వస్తాయి.

వాస్తవం: లైక్ కొట్టేవాళ్లలో ఎక్కువమంది ఎక్కడో దూరాన ఉంటారు. బుక్ చేసేది మాత్రం హోటల్ గదిలో పడుకుని, రేపు పొద్దున ఏం చేద్దామా అని ఫోన్‌లో వెతికే మనిషి. ఎన్నింటికి మొదలు, ఎంత దూరం నడవాలి, ఏ భాషలో చెప్తారు, వాన పడితే డబ్బు వాపసు ఇస్తారా, ఇవీ అతని డౌట్లు. నేను మొదట్లో మీటింగ్ పాయింట్ 'స్టేషన్ దగ్గర' అని రాసేదాన్ని. ఆ స్టేషన్‌కి నాలుగు గేట్లు! 'రెండో గేటు బయట, ఎర్ర గొడుగుతో ఉంటాను' అని మార్చాక పొద్దున్నే ఫోన్ల గోల తగ్గింది.

అపోహ: అదిరిపోయే గోడ ఫోటో ఒక్కటి పెడితే చాలు.

వాస్తవం: ఇక్కడే నాకు గట్టిగా తగిలింది. లిస్టింగ్‌లో, అంటే జనం చూసి బుక్ చేసుకునే మన వాక్ పేజీలో, మొదటి ఫోటోగా పెట్టిన బొమ్మ మీద ఆ ఇంటి యజమాని ఒక వారాంతంలో క్రీమ్ కలర్ వేయించేశారు. నాకు తెలియదు. ఎనిమిది మందిని తీసుకెళ్లి ఆ ఖాళీ గోడ ముందు నిలబెట్టాను, ఒకావిడ ఫోన్‌లో ఫోటో చూసి, గోడ చూసి, 'ఇదేనా?' అంది. రెండు స్టార్లు వచ్చాయి, న్యాయమే. ఈ కళకు ఆయుష్షు తక్కువ. న్యూయార్క్‌లో గోడ బొమ్మలకు పేరుమోసిన ఫైవ్ పాయింట్జ్ భవనం అంతటి చోటికే 2013లో రాత్రికి రాత్రి సున్నం కొట్టేశారు, 2018లో కోర్టు 21 మంది ఆర్టిస్టులకు 67 లక్షల డాలర్లకు పైగా ఇప్పించింది కానీ బొమ్మలైతే తిరిగి రాలేదు. ఇప్పుడు వారానికోసారి రూట్ అంతా ఒంటరిగా నడిచొస్తాను. ఫోటో కింద తీసిన నెల రాస్తాను. క్రీమ్ గోడ దగ్గర ఇప్పటికీ ఆగుతాను, పాత ఫోటో చేతిలో పెట్టి అంచున పెచ్చు లేచిన చోట కింది నీలం రంగు చూపిస్తే అందరూ వంగి చూస్తారు. లిస్టింగ్‌లో ఇప్పుడు మొదటి ఫోటో అదే, అలా వంగి చూస్తున్న జనంది. గోడను ఎవరైనా ఊరికే చూడొచ్చు కదా, మనకు డబ్బిచ్చేది చూపించే తీరుకి.

అపోహ: కమిషన్ తీసుకునే టూర్ బుకింగ్ సైట్లలో మన వాక్ పెట్టడం దండగ.

వాస్తవం: వయేటర్, గెట్‌యువర్‌గైడ్ లాంటివి సాధారణంగా 20 నుంచి 30 శాతం దాకా పట్టుకుంటాయి, నొప్పిగానే ఉంటుంది. కానీ అయిదుగురితో ఎలాగూ బయల్దేరే వాక్‌లో ఆరో మనిషికి మన అదనపు ఖర్చు దాదాపు సున్నా. అలాగని మొత్తం వాళ్ల మీదే ఆధారపడితే కష్టం, సొంత బుకింగ్ పేజీ, గూగుల్‌లో బిజినెస్ ప్రొఫైల్ పక్కన ఉండాల్సిందే.

అపోహ: డిస్కౌంట్ ఆశ చూపి రివ్యూలు రాయించుకోవచ్చు.

వాస్తవం: గూగుల్ నియమాలు ఒప్పుకోవు. చివరి గోడ దగ్గర, అందరూ ఇంకా నవ్వుతుండగా నోటితో అడగండి. ఇంటికెళ్లాక ఎవరికీ గుర్తుండదు.

అపోహ: బొమ్మ వీధిలో ఉంది కాబట్టి ప్రచారానికి ఎలాగైనా వాడుకోవచ్చు.

వాస్తవం: వీధిలో ఉన్నా కాపీరైట్ మామూలుగా వేసినవాళ్లదే, దేశాన్ని బట్టి మినహాయింపులు మారతాయి. నేనైతే అడిగే వాడతాను, పేరు కూడా వేస్తాను. అలా పరిచయమైన ఒక ఆర్టిస్ట్ ఇప్పుడు కొత్త గోడ మొదలుపెట్టే ముందు రోజు మెసేజ్ పెడుతుంది. నిచ్చెన మీద ఆమె పని చేస్తుండగా చూడొచ్చని లిస్టింగ్‌లో ఒక్క లైను కలిపితే, ఆ వారం సీట్లు ముందే నిండిపోతున్నాయి.