అన్నయ్య పంపిన డబ్బు, చట్టం రాసుకున్న చుట్టరికం

జూలైలో ఆదాయపు పన్ను రిటర్నులు వేసే రోజులొచ్చాయంటే బెజవాడలో ఈ గొడవ మళ్లీ మొదలవుతుంది. పటమటలో ఫ్లాట్ కొంటున్నామంటే అమెరికా నుంచి పెదనాన్న కొడుకు 20 లక్షలు పంపాడు, ఆడిటరేమో దానికి పన్ను కట్టాలన్నాడు. అన్నయ్య ఇచ్చిన దానికి పన్నేంటని ఇంట్లోవాళ్ల బాధ. ఆ బాధలో న్యాయముంది, దాని మూలం 2004లో ఉంది.

అంతకుముందు సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. 1958 నాటి గిఫ్ట్ టాక్స్ ఇచ్చినవాళ్ల మీద పడేది, 1998 అక్టోబరు నుంచి అది పోయింది. ఆ తర్వాత ఇచ్చినవాళ్లకీ పుచ్చుకున్నవాళ్లకీ పన్ను లేకపోవడంతో లెక్కలేని డబ్బుకి గిఫ్ట్ అని పేరు పెట్టడం సులువైపోయింది. అందుకే 2004 సెప్టెంబరు 1 నుంచి పన్నుని పుచ్చుకున్నవాళ్ల మీదకి తిప్పి, బంధువులిచ్చే డబ్బుని మాత్రం మినహాయించారు.

మెలికంతా ఆ బంధువు అనే మాటలోనే ఉంది. భార్య లేదా భర్త, ఇద్దరి తోబుట్టువులు, అమ్మానాన్నల తోబుట్టువులు, భార్యాభర్తలిద్దరి వైపునా నేరుగా పైతరాలూ కిందితరాలూ, వీళ్లని పెళ్లాడినవాళ్లు. జాబితా అంతే.

మన పిలుపులు అలా ఉండవు కదా! అక్క మొగుడూ బావే, మేనమామ కొడుకూ బావే, కానీ చట్టానికి మొదటివాడు బంధువు, రెండోవాడు పరాయివాడు. పెదనాన్న ఇస్తే పన్ను లేదు, ఆయన కొడుకు ఇస్తే ఉంది. మేనమామ కోటి ఇచ్చినా మేనల్లుడికి పన్ను పడదు, అదే మేనల్లుడు ఎదిగొచ్చి, ముసలి మామయ్య ఇల్లు బాగుచేయించుకుంటాడని 5 లక్షలిస్తే అది మామయ్యకి ఆదాయం కింద లెక్క. నాకు అన్నిటికన్నా అన్యాయంగా కనిపించేది ఇదే. 2006 నుంచి ఇలా జాబితాలో లేనివాళ్లందరూ ఇచ్చింది ఏడాదికి 50 వేలు దాటితే, దాటిన దాని మీదే కాదు, మొత్తం మీద పన్ను. పెళ్లి కానుకలకి మాత్రం ఈ పన్ను లేదు.

జాబితా పెంచితే దొంగ గిఫ్టులు మళ్లీ వస్తాయంటారు. నిజమే కావచ్చు, కానీ ఇచ్చిందెవరు, అంత స్తోమత ఉందా అని పన్ను అధికారులు సొంత తమ్ముడిచ్చినా అడగొచ్చు కదా. పైగా 2017 నుంచి ఒకరి దగ్గర ఒక్క రోజులో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు, కన్నతండ్రి ఇచ్చినా సరే, తీసుకుంటే అంతే మొత్తం జరిమానా.

నిజంగా తిరిగిచ్చే ఉద్దేశముంటే అప్పుగా రాసుకోవచ్చని ఆడిటర్ చెప్పాడు. కానీ అన్నయ్యకి ప్రామిసరీ నోటు రాసిస్తామని ఫోన్ చేయడానికి ఆ ఇంట్లో ఎవరికీ నోరు రావడం లేదు.