కూర్చున్నారో, నిలబడ్డారో: ఒక కొలత కథ

లండన్ రెండంతస్తుల బస్సులో ఒకప్పుడు డ్రైవరు డ్యూటీ దిగేదాకా సీటుకు అతుక్కుపోయి ఉండేవాడు. అదే బస్సులో కండక్టరు టికెట్ల కోసం పైకీ కిందికీ మెట్లు ఎక్కి దిగుతూనే ఉండేవాడు. ఈ ఇద్దరి గుండెలనూ పోల్చి చూసిన బ్రిటన్ వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం 1953లో లాన్సెట్ వైద్య పత్రికలో ఫలితాలు ప్రచురించింది. డ్రైవర్లలోనే గుండెజబ్బులు ఎక్కువగా కనిపించాయి. అప్పట్లో ఎవరి ఒంటికీ ఏ పరికరమూ కట్టలేదు. ఉద్యోగం పేరే కొలత.

కొన్నేళ్లకు అదే బృందం సిబ్బంది యూనిఫారాల కొలతలు తిరగేసింది. డ్రైవర్ల ప్యాంట్లు నడుము దగ్గర కండక్టర్ల ప్యాంట్ల కన్నా వెడల్పు. కుర్రవాళ్లలో కూడా అంతే. అంటే సీటు వల్ల ఒళ్లు వచ్చిందా, ముందునుంచే ఒళ్లున్నవారు ఆ సీటులోకి చేరారా? తన వాదానికే అడ్డొచ్చే ఈ దర్జీ లెక్కను మోరిస్ దాచిపెట్టలేదు. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చే విషయం అదే.

ఆ తర్వాత చాలాకాలం ప్రశ్నాపత్రాలే దిక్కయ్యాయి. ‘రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారు?’ అని అడిగితే ఎవరు మాత్రం ఏం చెబుతారు? పొద్దున చేసిన వాకింగ్ గుర్తుంటుంది కానీ, కుర్చీలో గడిచిన గంటలు గుర్తుండవు. సాధారణంగా జనం అసలుకన్నా తక్కువే చెబుతారు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ‘మంపో-కెయ్’ అనే చిన్న పరికరం అడుగులను లెక్కపెట్టింది. అడుగు పడని సమయం గురించి అది ఏమీ చెప్పదు.

అసలు మలుపు యాక్సిలరోమీటరుతో వచ్చింది. అగ్గిపెట్టెంత పరికరాన్ని సాగే పట్టీతో నడుముకు కడతారు. శరీరం కుదిపినప్పుడల్లా అది లెక్క రాసుకుంటుంది. అమెరికా జాతీయ ఆరోగ్య, పోషకాహార సర్వేలో 2003 నుంచి 2006 వరకు వేలమందికి దీన్ని కట్టారు. నిమిషానికి 100 కన్నా తక్కువ లెక్క నమోదైతే ఆ నిమిషాన్ని ‘కూర్చున్నట్టు’ ఖాతాలో వేశారు. 2004 వరకు అందిన డేటాతో 2008లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, పరికరం ధరించిన సమయంలో దాదాపు 55 శాతం, అంటే రోజుకు 7.7 గంటలు, అలాగే గడిచిపోతోంది.

ఆ లెక్కలో ఒక మెలిక ఉంది. స్నానానికి వెళుతూ పరికరాన్ని బల్లమీద పెడితే అది సున్నాలే రాస్తుంది. కదలకుండా టీవీ చూస్తున్న మనిషి నడుము మీద కూడా దాదాపు సున్నాలే. అందుకే వరసగా 60 నిమిషాలు సున్నాలు వస్తే ‘ధరించలేదు’ అని తీసేయడం వాడుకలోకి వచ్చింది. మరి కదలకుండా నిలబడిన కాపలాదారు సంగతి? నడుము పరికరం అతన్ని కూడా కూర్చోబెట్టేస్తుంది.

ఈ చిక్కుకు గ్లాస్గో నుంచి వచ్చిన యాక్టివ్‌పాల్ అనే పరికరం జవాబు చెప్పింది. దాన్ని తొడ ముందు భాగంలో అంటిస్తారు. తొడ అడ్డంగా ఉంటే కూర్చున్నట్టు లేదా పడుకున్నట్టు, నిలువుగా ఉంటే నిలబడినట్టు. 2012లో పరిశోధకులు నిర్వచనాన్ని కూడా సరిచేశారు: మెలకువగా ఉండి, 1.5 మెట్‌లకు (ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికయ్యే శక్తి ఖర్చు ఒక ‘మెట్’) మించని శక్తి ఖర్చుతో కూర్చోవడం లేదా ఒరగడం. వ్యాయామం చేయకపోవడం వేరు, కూర్చోవడం వేరు అని తేల్చిచెప్పారు.

ఇంతలో పరికరం మణికట్టుకు మారింది. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్ అనే భారీ ఆరోగ్య అధ్యయనం 2013–15లో లక్షమందికి పైగా ఏడేసి రోజులు ధరింపజేసింది. నిద్రలోనూ తీయనక్కర్లేదు కాబట్టి జనం ఓపిగ్గా ఉంచుకుంటారు. ఆ సౌకర్యానికి వేరే ధర ఉంది. అరుగుమీద కూర్చుని మల్లెపూలు కడుతున్నావిడ చేతులకు క్షణం తీరిక ఉండదు. చేతిని మాత్రమే చూసే పరికరం ఆవిడ కూర్చుని ఉందని ఎలా కనిపెడుతుంది? నడుము లెక్కనూ మణికట్టు లెక్కనూ పక్కపక్కన పెట్టి పోల్చే కథనాలను అందుకే నేను నమ్మను.

2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూర్చునే సమయాన్ని తగ్గించుకోమంది. ఎన్ని గంటలు దాటకూడదో మాత్రం చెప్పలేదు, అందుకు తగినంత ఆధారం లేదంది. అదే ఏడాది టాంజానియాలోని హాద్జా వేటగాళ్లపై ఒక అధ్యయనం వెలువడింది. వాళ్లూ రోజుకు దాదాపు పది గంటలు కదలకుండానే గడుపుతారు. కానీ అందులో చాలాసేపు గొంతుకూర్చునో, మోకాళ్లమీదో. గొంతుకూర్చున్నప్పుడు కాలి కండరాలు కుర్చీలోకన్నా ఎక్కువ పనిచేస్తున్నట్టు కొలిచి చూపారు. పొయ్యిముందు, బట్టలు ఉతికే బండదగ్గర అలా కూర్చున్న మన అమ్మమ్మల తొడకు పరికరం అంటించి ఉంటే, తొడ వాలు చూసి దానికి ఆ గొంతుకూర్చోవడానికీ సోఫాలో కూర్చోవడానికీ తేడా తెలిసేది కాదు.